మనస్లు చుట్టూ నడక: దసరా సెలవులు సరిపోతాయా?

నాగావళి · జూన్ 28

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా బాబాయి శ్రీకాకుళం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో పీడీ (వ్యాయామ టీచర్). వయసు 57. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటారు, అంతకు మించి ఏ ఇబ్బందీ లేదు. ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడుస్తారు. పోయినేడాది ఎవరో ఆయనకు నేపాల్‌లోని మనస్లు కొండ ఫొటో చూపించారు. "దీని చుట్టూ కూడా తిరిగి రావచ్చటమ్మా, మనిద్దరం వెళ్దామా?" అని నాకు ఫోన్ చేశారు. అప్పటి నుంచి ఇంట్లో ఇదే మాట. ఎవరెస్ట్ బేస్ క్యాంప్, అన్నపూర్ణ దారులంత రద్దీ ఇక్కడ ఉండదని విని నాకూ ఆశ పుట్టింది.

ఆయనకు సెలవులు దొరికేది దసరాకే. అటు ఇటు ఆదివారాలు కలిపితే 12 రోజులు. ఖాట్మండులో ఒక ఏజెన్సీ 10 రోజుల ప్లాన్ పంపింది: జీపులో మాఛా ఖోలా, తర్వాత జగత్, డెంగ్, నమ్రుంగ్, సామాగావ్, సమ్డో, ధరమ్‌శాల, లార్క్యా పాస్ (కొండల మధ్య కనుమ) దాటి భీంథాంగ్, ధారాపాని, మళ్లీ ఖాట్మండు. విమానాలకు చెరో రోజు. లెక్క సరిగ్గా సరిపోతోంది. అడ్వాన్స్ కట్టే ముందు మీ మాట వినాలని ఆగాను.

ఓరుగల్లు · జూన్ 28

నాగావళి గారూ, మీ బాబాయికి నా నమస్కారాలు చెప్పండి. 57లో ఆ కోరిక పుట్టడమే గొప్ప. నేను 2016లో రూప్‌కుండ్ చేశాను, తర్వాత హంప్టా, కాశ్మీర్ గ్రేట్ లేక్స్. పీడీ సార్ అంటే ఒళ్లు గట్టిగానే ఉంటుంది. రోజుకు ఆరేడు గంటలు నడవగలిగితే 10 రోజులు సరిపోతాయని నా అభిప్రాయం. మన దగ్గర ఆరు రోజుల్లో 5,000 మీటర్లకు వెళ్లి వచ్చేస్తున్నాం కదా. రాత్రికి లాడ్జిలో పడక, వేడివేడి అన్నం ఉంటాయి కాబట్టి టెంట్ల ట్రెక్ కంటే సులువే.

కొండదారి · జూన్ 29

ఓరుగల్లు అన్నా, ఈ ఒక్క విషయంలో మీతో ఒప్పుకోలేను. నాగావళి గారూ, దయచేసి ఆ అడ్వాన్స్ కట్టకండి. కారణం చెబుతాను.

రెండేళ్ల కిందట అక్టోబర్‌లో నేను, మా ఆఫీసు స్నేహితుడు దాదాపు ఇదే ప్లాన్‌తో వెళ్లాం. అతను నాకంటే దిట్టం, హాఫ్ మారథాన్లు పరిగెత్తేవాడు. నమ్రుంగ్ ఎత్తు 2,630 మీటర్లు, సామాగావ్ 3,520. ఒక్క రోజులో దాదాపు 900 మీటర్లు ఎక్కి పడుకున్నాం. రాత్రి అతనికి తలనొప్పి. అలసట అనుకున్నాం. మర్నాడు సమ్డో, 3,860. తిండి సయించలేదు. గైడ్ దాయి (నేపాలీలో దాయి అంటే అన్న) "ఇక్కడ ఒక రోజు ఆగుదాం" అన్నాడు. మా దగ్గర ఆగడానికి రోజు లేదు! తిరుగు టికెట్లు, ఆఫీసు సెలవులు అన్నీ రోజుకు రోజు లెక్క కట్టి పెట్టుకున్నాం. తలనొప్పి మాత్ర వేసి బయల్దేరదీశాను. ఆ పని చేసింది నేనే. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ధరమ్‌శాల 4,460. రాతి గదులు, రేకులు, టెంట్లు, కిక్కిరిసిన జనం. సాయంత్రం ఆరింటికి అతను టీ గ్లాసు పట్టుకోలేకపోయాడు. బయటికి వెళ్తూ రెండుసార్లు తూలాడు. గైడ్ అతన్ని నేల మీద గీత గీసినట్టు అడుగు ముందు అడుగు వేసి నడవమన్నాడు, నడవలేకపోయాడు. దాయి ఇంక ఎవరినీ అడగలేదు. హెడ్‌లైట్లు పెట్టుకుని అదే రాత్రి సమ్డోకు దిగాం. నేనూ పోర్టరూ చెరో వైపు పట్టుకున్నాం, మూడు గంటలు పట్టింది. 600 మీటర్లు దిగేసరికి మనిషి మాట్లాడటం మొదలుపెట్టాడు. తెల్లారాక ఇంకా కిందికి సామాగావ్ వెళ్లి, వచ్చిన దారినే వెనక్కి నడిచాం. పాస్ చూడలేదు. అతను బతికి ఇంటికి వచ్చాడు, అదే పది వేలు.

మాకు ఆ ప్లాన్ అమ్మినవాళ్లు అందులో విశ్రాంతి రోజు లేదని ఒక్క మాట కూడా చెప్పలేదు. తక్కువ రోజులని మేమూ సంతోషించాం. మీ దగ్గర ఉన్న 10 రోజుల కాగితం చూస్తుంటే నాకు ఆ రాత్రి గుర్తొస్తోంది.

గచ్చిబౌలి డాక్టర్ · జూన్ 29

కొండదారి గారి గైడ్ చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. తూలడం మెదడు వాపుకు గుర్తు. పడుకున్నప్పుడు కూడా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. రెంటికీ అసలు వైద్యం కిందికి దిగడమే, అదీ వెంటనే. ఆక్సిజన్, డెక్సామెథసోన్ లాంటివి దిగడానికి కాస్త వ్యవధి ఇస్తాయంతే.

ఫిట్‌నెస్ గురించి: ఎంత బాగా పరిగెత్తేవాళ్లయినా ఎత్తుకు అలవాటుపడే వేగం పెరగదు. పైగా బలంగా ఉన్నవాళ్లు త్వరగా ఎక్కేసి ముందే ఇబ్బందిలో పడతారు. లార్క్యా పాస్ 5,100 మీటర్ల పైన. మన విశాఖ బీచ్‌లో ఒక ఊపిరికి అందే ఆక్సిజన్‌లో అక్కడ దాదాపు సగమే అందుతుంది. శరీరం దానికి సర్దుకోవాలంటే రాత్రులు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. ఏజెన్సీ ప్లాన్‌లో నమ్రుంగ్ నుంచి సామాగావ్, సమ్డో నుంచి ధరమ్‌శాల రెండూ ఈ హద్దు దాటుతున్నాయి. రెండో దాన్ని తప్పించలేం, మధ్యలో ఊరు లేదు. అందుకే దానికి ముందు ఎక్కువ రాత్రులు గడపాలి.

బీపీ అదుపులో ఉంటే వెళ్లవచ్చు. వెళ్లే ముందు ఒక ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించండి. ఎత్తుకు అలవాటుపడటానికి వాడే డైమాక్స్ మాత్ర మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. అయితే సల్ఫా మందులు పడనివాళ్లు, బీపీకి నీరు తీసే మాత్ర వాడేవాళ్లు తమ డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. వేళ్లు తిమ్మిర్లెక్కడం, ఎక్కువసార్లు మూత్రం రావడం దానివల్ల మామూలే, కంగారు పడొద్దని బాబాయిగారికి ముందే చెప్పి ఉంచండి. ఆయన ఏ మాత్ర వాడుతున్నారో ఇక్కడ రాయవద్దు, ఆయన్ని చూసే డాక్టర్‌తో మాట్లాడండి.

నాగావళి · జూన్ 30

కొండదారి గారూ, అంత కష్టమైన రాత్రి గురించి మా కోసం రాసినందుకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. నిన్న బాబాయికి మొత్తం చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ గైడ్ మంచోడమ్మా" అన్నారు.

డాక్టర్ గారి లెక్కన చూస్తే నమ్రుంగ్, సామాగావ్ మధ్య ‘లో’ అనే ఊళ్లో ఒక రాత్రి, సామాగావ్‌లో ఇంకొకటి కలపాలి. వాతావరణం కోసం ఒకటో రెండో చేతిలో ఉంచుకోవాలి. అప్పుడు 14 రోజులు దాటుతుంది. దసరాకి కుదరదు.

బాబాయి ఇంకో సందేహం అడిగారు. మ్యాప్ చూస్తే తూర్పు నుంచి ఎక్కి, ఉత్తరాన తిరిగి, పడమర దిగుతున్నాం. అంటే కొండ మన ఎడమ చేతికి వస్తుంది. ప్రదక్షిణ అయితే కుడికి ఉండాలి కదా, ధారాపాని నుంచి మొదలుపెట్టి అటు నుంచి తిరగకూడదా అని.

బాగ్మతి · జూలై 1

ఖాట్మండులో నాలుగేళ్లు పని చేశాను, ఈ దారి రెండుసార్లు నడిచాను. బాబాయిగారి ప్రశ్న నాకు చాలా నచ్చింది. అటు నుంచి నడిచేవాళ్లు తక్కువ. కారణం ఎత్తే. భీంథాంగ్ 3,720. అక్కడ నుంచి ఒక్క రోజులో దాదాపు 1,400 మీటర్లు నిలువునా ఎక్కి పాస్ దాటాలి. మాఛా ఖోలా నుంచి బూఢీ గండకి నది వెంట వస్తే ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది. ఇంకో సంగతి, ఇది పూర్తి చుట్టు కాదు, లాడం ఆకారం. దక్షిణం వైపు తెరిచే ఉంటుంది. ప్రదక్షిణ లోటు తీరే చోటు మాత్రం దారిలో అడుగడుగునా ఉంది. నుబ్రీ (ఆ నది పైలోయ) ఊళ్లన్నింటిలో మంత్రాలు చెక్కిన మణి గోడలుంటాయి. వాటిని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకునే దాటాలి. అక్కడివాళ్లు టిబెటన్ మూలాలున్న బౌద్ధులు, తప్పు వైపు నడిస్తే నొచ్చుకుంటారు.

ఆ కొండను వాళ్లు ఎలా చూస్తారో చెప్పే ఒక సంగతి ఉంది. 1953లో జపాన్ బృందం మనస్లు ఎక్కబోయి వెనుదిరిగింది. ఆ తర్వాత మంచుచరియ పడి పుంగ్యెన్ గోంపా (బౌద్ధ మఠం) ధ్వంసమైంది, 18 మంది పోయారు. దేవతకు కోపం వచ్చిందని నమ్మిన సామా (సామాగావ్) గ్రామస్థులు 1954లో మళ్లీ వచ్చిన జపాన్‌వాళ్లను ఊరు దాటనివ్వలేదు, వాళ్లు గణేశ్ హిమాల్ వైపు వెళ్లిపోయారు. గోంపా తిరిగి కట్టడానికి డబ్బు ఇచ్చాకా ఊరివాళ్ల మనసు పూర్తిగా మెత్తబడలేదు. చివరకు 1956 మే 9న తోషియో ఇమానిషి, గ్యాల్జెన్ నోర్బు షెర్పా శిఖరం చేరారు. 8,163 మీటర్లు, ప్రపంచంలో ఎనిమిదో ఎత్తైన కొండ. 1974లో జపాన్ మహిళలు ఇదే కొండ ఎక్కారు. 8,000 మీటర్లు దాటిన శిఖరాన్ని ఆడవాళ్లు చేరడం అదే మొదలు. సామాగావ్‌లో విశ్రాంతి రోజు దొరికితే పుంగ్యెన్ గోంపా దాకా నడిచి రండి. ఎత్తుకు అలవాటుపడటానికీ మంచిది, పైగా మనస్లు ఎదురుగా ఉంటుంది.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది 1991లో విదేశీయులకు తెరిచిన నియంత్రిత ప్రాంతం. మనవాళ్లకు నేపాల్‌కి వీసా అక్కర్లేదు కానీ ఈ పర్మిట్ తప్పదు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మొదటి వారానికి 100 డాలర్లు, ఆపైన రోజుకు 15. మిగతా నెలల్లో 75, ఆపైన రోజుకు 10. దాంతోపాటు మనస్లు, అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతాల పర్మిట్లు రెండు కావాలి. ధారాపాని అన్నపూర్ణ కిందికి వస్తుంది కాబట్టి రెండోది. సార్క్ దేశాలవాళ్లకు అవి ఒక్కొక్కటి 1,000 నేపాలీ రూపాయలు. లైసెన్సున్న గైడ్ లేకుండా, రిజిస్టర్డ్ ఏజెన్సీ ద్వారా కాకుండా ఈ పర్మిట్ ఇవ్వరు. పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి, ఓటరు కార్డు మీద ఆధారపడకండి. జగత్‌లో చెక్‌పోస్ట్ ఉంటుంది.

దసరా గురించి ఇంకో మాట. మనకు దసరా అంటే వాళ్లకు దశైన్. ఊరంతా ఇళ్లకు వెళ్తుంది. జీపుల్లో సీటు కష్టం, పోర్టర్లు దొరకడం కష్టం. ఆ పది రోజుల్లో బయల్దేరడం నాకైతే ఇష్టం ఉండదు.

రుషికొండ · జూలై 2

దసరా అన్నారు కాబట్టి, విశాఖవాణ్ణి, ఒక విషయం చెప్పకుండా ఉండలేను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా ఊరి మీద పడింది. ఆ రోజు మా అపార్ట్‌మెంట్ కిటికీలు ఊడిపోయి, నీళ్లు లేక, కరెంటు లేక, వీధిలో చెట్లన్నీ పడిపోయి ఉన్నాం. తుపాను మమ్మల్ని దాటి వెళ్లిపోయిందని ఊపిరి పీల్చుకున్నాం. అది ఎక్కడికి వెళ్లిందో తర్వాత ఎప్పుడో తెలిసింది. అదే తేమ ఉత్తరానికి పోయి హిమాలయాలను తాకి, 14వ తేదీన అన్నపూర్ణ సర్క్యూట్‌లో థొరాంగ్ పాస్ దగ్గర మంచు తుపాను అయింది. ఆ చుట్టుపక్కల, ధౌలగిరి వైపు కలిపి 40 మందికి పైగా చనిపోయారు. ట్రెక్కర్లూ, గైడ్లూ, పోర్టర్లూ, ఆ దారిలో మామూలుగా వెళ్తున్న ఊరివాళ్లూ. ముందు రోజు దాకా ఆకాశం బాగానే ఉందట.

థొరాంగ్ పాస్ మీరు వెళ్లే చోటికి మర్స్యాంగ్దీ లోయకు అవతలే. అక్టోబర్ ట్రెక్కింగ్‌కు మంచి నెల అని అందరూ అంటారు, నిజమే. కానీ బంగాళాఖాతంలో తుపాన్లు లేచే నెల కూడా అదే. మన తీరం దాటిన తుపాను రెండు మూడు రోజుల్లో అక్కడ మంచు కురిపించగలదు. చేతిలో రెండు రోజులున్నవాడు సమ్డోలో పొయ్యి దగ్గర కూర్చుని ఆగుతాడు. లేనివాడు పాస్ ఎక్కుతాడు. నేను 2019లో వెళ్లినప్పుడు రోజూ ఇంటికి ఫోన్ చేసి "బే ఆఫ్ బెంగాల్లో ఏమైనా ఉందా?" అని అడిగేవాణ్ణి. మా ఆవిడ వాతావరణ శాఖ బులెటిన్ చదివి చెప్పేది. సామాగావ్‌లో ప్రభుత్వ కంపెనీ నమస్తే సిమ్‌కు సిగ్నల్ దొరికింది.

ఓరుగల్లు · జూలై 2

నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. రూప్‌కుండ్‌లో పైకి వెళ్లి అదే రోజు కిందికి దిగి పడుకున్నాం, ఇక్కడ వరుసగా ఎత్తులోనే నిద్ర. ఆ తేడా నేను ఆలోచించలేదు. నాగావళి గారూ, సార్‌కు వేసవి సెలవులుంటాయి కదా? ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా. అప్పుడు ఎందుకు వెళ్లకూడదు?

బాగ్మతి · జూలై 3

ఓరుగల్లు గారు మంచి మాట అన్నారు. మే మొదటి రెండు వారాలు బాగుంటాయి. పర్మిట్ కూడా తక్కువ. పొద్దున్న ఆకాశం తేటగా ఉండి మధ్యాహ్నం మబ్బు పడుతుంది కాబట్టి తెల్లవారుజామునే నడవాలి. పాస్ మీద చలికాలపు మంచు ఇంకా ఉండొచ్చు, బూట్లకు తగిలించుకునే ముళ్ల పట్టీలు తీసుకెళ్లండి. కింద జగత్ దాకా ఉక్కపోత, అది శ్రీకాకుళంవాళ్లకు కొత్త కాదు. మే నెలలో పైఊళ్ల జనం యార్సాగుంబా అనే మందు పుట్టగొడుగు ఏరడానికి కొండల మీదికి వెళ్తారు, కొన్ని ఇళ్లకు తాళాలుంటాయి. పోర్టర్‌ను ముందే మాట్లాడుకోండి.

మంజీర · జూలై 4

నేను మా అక్కతో వెళ్లాను, ఇద్దరం నలభై దాటినవాళ్లం. ఎవరూ చెప్పని కొన్ని మాటలు.

ఆ దారిలో అన్నింటికంటే నాకు భయం వేసింది కంచర గాడిదల వరుసలతో. గ్యాస్ సిలిండర్లు, బియ్యం మూటలు వేసుకుని ఇరవై ముప్పై ఒకేసారి వస్తాయి. మెడ గంటలు వినపడగానే కొండ వైపుకు ఒరిగి నిలబడాలి. లోయ వైపు నిలబడితే మూట తగిలి పడిపోతారు. వేలాడే వంతెన మీద అవి దిగేదాకా అడుగు పెట్టొద్దు. మాఛా ఖోలా నుంచి డెంగ్ దాకా రాళ్లు జారే చోట్లున్నాయి, గైడ్ పరిగెత్తమంటే ఫొటోలు ఆపి పరిగెత్తాలి. 2015 ఏప్రిల్ 25 భూకంపం మొదలైంది ఈ గోర్ఖా జిల్లా బార్పాక్‌లోనే. ఆ ఏడాది ఈ దారిలో ఊళ్లకు ఊళ్లే కూలిపోయాయి. ఇప్పుడు మనం పడుకునే లాడ్జీలు చాలావరకు ఆ తర్వాత కట్టుకున్నవే. పైకి వెళ్లేకొద్దీ అన్నం రేటు పెరుగుతుంది. అక్కడికి ఒక్కో బియ్యపు గింజ ఎలా వస్తుందో చూశాక బేరమాడటానికి నోరు రాదు.

తిండి: దాల్‌భాత్‌కు మించింది లేదు, అడిగినంత మళ్లీ వడ్డిస్తారు. మేము కంది పొడి, ఒక చిన్న సీసా ఆవకాయ, చింతకాయ పచ్చడి తీసుకెళ్లాం. సమ్డోలో ఆకలి చచ్చిపోయినప్పుడు కంది పొడి కలిపిన వేడి అన్నమే మా అక్క చేత తినిపించింది. సమ్డోలో లాడ్జి అమ్మకు ఆవకాయ రుచి చూపిస్తే మిగిలిన సీసా అడిగి ఉంచుకుంది.

నాగావళీ, నీకు మాత్రం: ఎత్తులో నెలసరి ముందూ వెనకా అవుతుంది, లెక్కలో లేకపోయినా ప్యాడ్లు పెట్టుకో. వాడినవి జిప్ కవర్లో వేసి కిందికి తెచ్చుకో, అక్కడ పారేయడానికి చోటు లేదు. నగదు ఖాట్మండులోనే మార్చుకోండి, మన వందకు వాళ్ల 160. దారిలో ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంకొకటి, పోర్టర్ బూట్లు చూడండి. ఇద్దరికీ కలిపి ఒక పోర్టర్ అయితే చెరి పది కిలోలకు మించి ఇవ్వకండి. అతనికి చలి కోటు, గ్లవ్స్, ఇన్సూరెన్స్ ఉన్నాయా అని ఏజెన్సీని ముందే అడగండి. మా పోర్టర్‌కు ఉన్నది పలచటి కాన్వాస్ బూట్లే. ఆ సంగతి మాకు నమ్రుంగ్‌లో తెలిసింది, అక్కడ కొనడానికి దుకాణం లేదు.

కొండదారి · జూలై 5

మోకాళ్ల గురించి నేనొకటి కలుపుతాను. అందరూ ఎక్కడానికే సాధన చేస్తారు. పాస్ అవతల దిగుడు రాళ్లూ మంచూ కలిసిన నిటారు వాలు. బాబాయిగారు తిరుపతి వెళ్తే అలిపిరి 3,550 మెట్లూ ఎక్కాక బస్సులో దిగకుండా నడిచే దిగమనండి. నెలకొకసారి చేసినా తొడలు గట్టిపడతాయి. రెండు చేతి కర్రలు తప్పనిసరి. హెలికాప్టర్ ఖర్చు కూడా ఇచ్చే ఇన్సూరెన్స్ తీసుకోండి. అందులో ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో చూసుకోండి, 5,000 దగ్గర ఆపేసే పాలసీలున్నాయి.

నాగావళి · జూలై 6

వేసవికి మార్చాం. బాబాయి ముందు కాస్త డీలా పడ్డారు, మరో పది నెలలు ఆగాలి కదా. ఇవాళ పొద్దున్న ఫోన్ చేసి రెండు వందల మెట్లున్న గుట్ట ఒకటి వెతికి పెట్టుకున్నానని చెప్పారు. ఆ ఏజెన్సీకి నేనే కొత్త పట్టిక పంపాను, 15 రోజులది. "అన్ని రోజులు ఎందుకు, బోర్ కొడుతుంది" అన్నారు. వేరే ఏజెన్సీ చూసుకున్నాం.

నాగావళి · మే 26

వచ్చేశాం. ఇద్దరం క్షేమం. పాస్ దాటాం.

వివరంగా రాస్తాను, ముందు ఎత్తుల పట్టిక, ఎవరికైనా పనికొస్తుంది. రాత్రులు: మాఛా ఖోలా, జగత్ 1,340, డెంగ్ 1,860, నమ్రుంగ్ 2,630, లో 3,180, సామాగావ్ 3,520లో మూడు రాత్రులు, సమ్డో 3,860లో రెండు, ధరమ్‌శాల 4,460, భీంథాంగ్, ధారాపాని.

సామాగావ్‌లో మూడు రాత్రులు అనుకున్నవి కావు. రెండో రోజు పుంగ్యెన్ గోంపాకు వెళ్లి వచ్చాక బాబాయికి తలనొప్పి పట్టుకుంది, రాత్రి అన్నం వదిలేశారు. కొండదారి గారూ, నాకు వెంటనే మీరే గుర్తొచ్చారు. పొద్దున్నే గైడ్ దాయి గీత మీద నడిపించాడు, సరిగ్గానే నడిచారు. అయినా ఆ రోజు కదల్లేదు. మణి గోడ పక్కన ఎండలో కూర్చున్నారు. సాయంత్రానికి తలనొప్పి పోయింది, ఆకలి వేసింది, రెండుసార్లు వడ్డించుకున్నారు. మాకు ఆ రోజు ఉంది కాబట్టి సరిపోయింది. 10 రోజుల ప్లాన్‌లో అయితే ఆ పొద్దున్నే ధరమ్‌శాల దారి పట్టేవాళ్లం.

సమ్డోలో రెండో రోజు మధ్యాహ్నం నుంచి మంచు పడింది. తెరిపి ఇచ్చాకే ధరమ్‌శాలకు నడిచాం. పాస్ రోజున మూడున్నరకు బయల్దేరాం. పైకి చేరేసరికి తొమ్మిది దాటింది. 5,106 అని రాసి ఉన్న బోర్డు, చుట్టూ జెండాలు, విపరీతమైన గాలి. బాబాయి చేతి గుడ్డలో మూట కట్టి తెచ్చిన సింహాచలం చందనం తీసి రాయి మీద ఒక బొట్టు పెట్టారు. మా పోర్టర్ తమ్ముడు తన నుదుటికీ పెట్టమని వంగాడు. మంజీర గారూ, అతనికి ఖాట్మండులోనే బూట్లు చూశాం, అరిగిపోయి ఉంటే బయల్దేరే ముందే కొత్తవి కొన్నాం.

దిగుడు మీరంతా చెప్పినంత కష్టమే. నేను నాలుగుసార్లు పడ్డాను. బాబాయి ఒక్కసారీ పడలేదు. భీంథాంగ్ కింద అడవి నిండా గురాస్ (రోడోడెండ్రాన్) పూలు.

ఖర్చుల లెక్క, లాడ్జీల వివరాలు ఆదివారం పెడతాను. ఫొటోలు బాబాయి ఫోన్లో ఉన్నాయి, ఇంకా పంపలేదు. స్కూలు తెరిచేలోపు పెద్దవిగా ప్రింట్లు వేయించి ఎనిమిదో తరగతి గోడకు అంటించాలట, శ్రీకాకుళంలో స్టూడియో చుట్టూ తిరుగుతున్నారు.